కుండలో నలభై తొమ్మిది ఓట్లు

మా సంఘంలో మేం నలభై ఒక్కమందిమి. ఆ రోజు కుండ బోర్లించి లెక్కపెడితే నలభై తొమ్మిది ఓట్లు వచ్చాయి.

ఆ తేడా నా ఒక్కదాని కంటనే పడింది. గ్లాసులో టీ చల్లారేంతసేపు నేను చూడనట్టే ఊరుకున్నాను. ఆ కాసేపటి సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

మాది శృంగవరపుకోట నుంచి కొండల వైపు పోయే రోడ్డు మీద జీడిపప్పు షెడ్డు. పూర్వం గిరిబాబు అనే ఆయనది. వ్యాపారం కుదరక ఆయన తాళం వేసుకుపోతే, పనిచేసే ఆడవాళ్ళమే సంఘం కట్టి షెడ్డు అద్దెకు తీసుకున్నాం. అది జరిగి ఆరేళ్ళయింది. కొండ మీది రైతుల దగ్గర పిక్కలు కొనడం, ఉడకబెట్టడం, కొయ్యడం, ఎండబెట్టడం, పొట్టు తియ్యడం, ఏరడం, అమ్మడం అన్నీ మావే. మనిషికో ఓటు. మూడు నెలలకో అధ్యక్షురాలు, వంతులవారీగా. వచ్చినదాంట్లో పనిగంటలను బట్టి వాటా.

నేను పొట్టు తీసేదాన్ని. కళ్ళు తగ్గాక సంఘం నాకు వేరే పని ఇచ్చింది. వాళ్ళు పనిచేస్తుంటే నేను పేపరు, దొరికిన పుస్తకం పైకి చదవాలి, సభల్లో మినిట్స్ పుస్తకం రాయాలి. అదీ పనే, దానికీ గంటలు కడతారు. బడి గుమ్మం తొక్కినదాన్ని కాను. బస్సు బోర్డులు, పొట్లాల కాగితాలు చూసి కూడబలుక్కుంటూ నేర్చుకున్న చదువు అది.

ఒకసారి ఈశ్వరి తన కూతురి బడి పుస్తకం తెచ్చి, అట్ట లోపల అచ్చేసిన రాజ్యాంగ పీఠిక మీద వేలు పెట్టింది. "అత్తా, సామ్యవాదమంట, ప్రజాస్వామ్యమంట. గుంట అడుగుతంది. ఏటని సెప్పను?"

నేను ఆలోచించేలోపే కోతలో ఉన్న బుల్లమ్మ అందుకుంది. "ఏటుంది? గిరిబాబు కాలంలో ఆయనొక్కడే అందర్నీ తిట్టీవోడు. ఇప్పుడు అందరం అందర్నీ తిట్టుకుంతన్నాం. అదే."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ పిల్లకి చెప్పాల్సిన జవాబు బాకీ పడిపోయినట్టు నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఈ జనవరిలో ఈశ్వరికి అధ్యక్షురాలి వంతు వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, షెడ్డు సంఘం చేతికొచ్చాక చేరింది. ఆమె ధనరాజ్ అనే మిషన్ల అబ్బాయిని తీసుకొచ్చింది. పిక్కలు కోసే మిషను, సగం ధర రాయితీ. మా కోతలో పన్నెండు మంది కాలితో తొక్కే కత్తెరల దగ్గర కూర్చుంటారు. మిషను వస్తే నలుగురు చాలు. ఎనిమిది మంది మిగులు. ధనరాజ్ ఇచ్చిన కాగితంలో ఆ మాటే ఉంది.

"మిషను తేకపోతే మనం నిలబడలేం" అని ఈశ్వరి సభలో చెప్పింది. "సుట్టుపక్కల సెడ్లన్నీ తెచ్చీసినాయి. వాళ్ళ రేటుకి మనం ఇవ్వలేకపోతన్నాం. ఇంకో ఏడాదికి నలభై ఒక్కమందికీ తాళమే. పైగా ఆ కోత పని సూడండి, సేతులు సేతులేనా అవి?"

అందులో అబద్ధం లేదు. పిక్క చెక్కలో ఉండే జీడి నూనె చర్మాన్ని తినేస్తుంది. కోతవాళ్ళు ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చున్నా వేళ్ళు నల్లబడి పొరలు ఊడిపోతాయి.

మరి ఆ ఎనిమిది మంది ఎవరు? ఎవరూ పేర్లు అనలేదు. కోతలో నెమ్మదైనవాళ్ళని అందరికీ తెలుసు. అందరికంటే నెమ్మది జ్ఞానసుందరి. మూడేళ్ళ కిందట ఆమె కుడి బొటనవేలు కత్తెరలో పడి సగం పోయింది.

జ్ఞానసుందరిది నా ఎదురిల్లు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం బాప్టిస్టు చర్చికి వెళ్ళొచ్చి నా అరుగు మీద కూర్చుంటుంది. నేను చదువుతాను, ఆమె వింటుంది. విజయవాడలో ఉన్న తమ్ముడు సుందరరావు ఏదో ఆసుపత్రిలో ఆయా పని చూసి పెట్టానని ఏడాదిగా పిలుస్తున్నాడు. ఇక్కడ పని పోతే ఆమె అక్కడికే పోవాలి.

నాకు మనుషులు వెళ్ళిపోవడం అంటే భయం. మా ఆయన ఎల్లాజీ రెండేళ్ళలో వస్తానని విశాఖపట్నంలో అండమాను ఓడ ఎక్కాడు. మూడు ఉత్తరాలు వచ్చాయి. నా తోడబుట్టిన పెద్దది, మా అప్ప, చీపురుపల్లి స్టేషన్లో ఖరగ్‌పూర్ రైలెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపి, మళ్ళీ కనపడలేదు. నేను సాగనంపినవాళ్ళు తిరిగి రారని నాకు ఒక పిచ్చి పట్టుకుంది. అందుకే స్టేషన్ వైపు పోను. బస్సు కదిలేముందు మొహం తిప్పేసుకుంటాను. జ్ఞానసుందరి పేరు ఆ వరసలో చేరుతుందేమోనని ఆ వారమంతా పొద్దున లేవగానే ఎదురింటి తలుపు వైపే చూశాను.

ఓటు రోజు వచ్చింది. మాలో సగం మందికి అక్షరం రాదు. అత్తాకోడళ్ళు, తోడికోడళ్ళు ఒకే షెడ్డులో ఉంటారు గనక చేతులెత్తమంటే ఒకరి మొహం ఒకరు చూస్తారు. అందుకని గోనెపట్టా తెర కట్టి, వెనక మట్టికుండ పెడతాం. ఈసారి మనిషికో జీడిగుండు, అంటే విరగని పప్పు ఒకటి, ఇచ్చాం. మిషను కావాలంటే గుండు గుండుగానే కుండలో వెయ్యాలి. వద్దంటే గోటితో రెండుగా చీల్చి ఒక బద్ద వెయ్యాలి.

అందరూ వేశాక చాప మీద కుండ బోర్లించాం. గుండ్లు ఈశ్వరి లెక్కపెట్టింది, బద్దలు నేను.

"ఇరవై రెండు" అంది ఈశ్వరి.

"ఇరవై ఏడు" అన్నాను.

కోతవాళ్ళందరూ ఒక్కసారి లేచారు. బుల్లమ్మ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది, అరవై దాటిన మనిషి. ఈశ్వరి మొహం వాడిపోయింది గానీ, "సరే, సంఘం మాటే మాట" అంది. ఎవరో టీ తెచ్చారు.

నేను మినిట్స్ పుస్తకంలో రాశాను. కావాలన్నవి ఇరవై రెండు. వద్దన్నవి ఇరవై ఏడు. కింద గీత గీసి మొత్తం వెయ్యడం అలవాటు. వేశాను. నలభై తొమ్మిది.

అప్పుడే జ్ఞానసుందరి వచ్చి నా పక్కన కూర్చుంది. నల్లటి చెయ్యి నా మోకాలి మీద పెట్టి, "ఉండిపోతానప్పా" అంది. అంతే అంది.

ఆ మొత్తం అంకె మీద అరచెయ్యి పెట్టాను. చదవగలిగినవాళ్ళెవరూ ఆ పుస్తకం తెరవరు. ఈశ్వరికి అనుమానం రాలేదు. నేను నోరు మూసుకుంటే చాలు, నా ఎదురింటి తలుపు తాళం పడదు.

కానీ చెయ్యి తియ్యకుండా ఎంతసేపు కూర్చోను? రేపు పేపరు పైకి చదివేటప్పుడు ఈ నలభై మందీ నా నోట్లోంచి వచ్చినది నిజమనే కదా వింటారు. వాళ్ళు నాకిచ్చిన పనే అది. టీ మీద మీగడ కట్టింది.

"ఈశ్వరీ," అన్నాను, "మనం ఎంతమందిమి?"

"అదేటి అత్తా, నలభై ఒకటి."

"మరి ఓట్లు నలభై తొమ్మిది ఎలగొచ్చాయి?"

బుల్లమ్మ నడుమ్మీద చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఒసే జగ్గీ, నీకు కూడికలు ఎవులు నేర్పినారే? ఆడు కనపడితే సెప్పు, ఆడి సంగతి సూస్తాను."

"రెండు బద్దలూ ఏసీసినారు ఎవులో" అంది ఈశ్వరి నెమ్మదిగా. "ఒక గుండు సీలిస్తే రెండు బద్దలు. ఒకటెయ్యమంటే రెండూ ఏసినారు."

"రెండోది ఏటి సెయ్యాలి మరి?" అన్నారెవరో.

"తినీడమే. నలుగురైదుగురు బుగ్గన ఎట్టుకుని బయటికి రావడం నేనే సూసినాను."

అప్పుడు జ్ఞానసుందరి తల వంచుకుని చెప్పింది. "నేను రెండూ ఏసినాను. సేతిలో ఉండిపోనాది. తినబుద్ధి కానేదు."

తరవాత ఇంకొకరు అన్నారు, తామూ అంతేనని. ఇంకొకరు. మొత్తం ఎనిమిది మంది. అందరూ గిరిబాబు కాలం నుంచి ఉన్నవాళ్ళే. ఈశ్వరికి అర్థం కాలేదు. ఆమె ఆ రోజులు చూడలేదు. సాయంత్రం గేటు దగ్గర ఒకావిడ నిలబడి మా కొంగులు దులిపించేది, జడలు విప్పించేది, నోరు తెరిపించి నాలుక కింద చూసేది. పంటి కింద పప్పు ముక్క దొరికితే ఆ రోజు కూలి లేదు. ఇరవై ఏళ్ళు అలా గడిపినవాళ్ళు, సొంత షెడ్డులో, సొంత గుండులో సగం తినలేకపోయారు. చేతిలోనూ ఉంచుకోలేక కుండలో వేసేశారు.

"అంటే వద్దన్నోళ్ళు పంతొమ్మిది మందే" అంది ఈశ్వరి. గొంతులో గెలిచిన కళ లేదు. "మిషను నెగ్గింది."

ఎవరూ ఈల వెయ్యలేదు. జ్ఞానసుందరి నా మోకాలి మీంచి చెయ్యి తీసేసి, పనిలోకి లేచింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ నాతో మాట్లాడుతుందో లేదోననుకున్నాను. మాట్లాడింది. "నువ్వు సెప్పకపోతే నేనే సెప్దును, అప్పా. దొంగోటుతో ఎన్నాళ్ళు కూకోగలను?" అంది. తమ్ముడికి ఫోను చేసి, వచ్చే శనివారం వస్తానని చెప్పేసింది.

రెండు రోజులు నేను పేపరు చదువుతూనే ఉన్నాను గానీ ఏం చదివానో నాకే తెలియదు. రెండు బద్దలూ వేసిన ఆ ఎనిమిది మంది చేతులే కళ్ళ ముందు ఆడాయి. గిరిబాబు షెడ్డులోంచి పోయి ఆరేళ్ళయింది, మా వేళ్ళలోంచి మాత్రం పోలేదు. అలా అనుకుంటూ మూడో రోజు ధనరాజ్ ఇచ్చిన కాగితం మళ్ళీ విప్పాను. 'ఎనిమిది మంది మిగులు.' ఎవరికి మిగులు? కూలి ఇచ్చే యజమానికి మిగులు. ఆ ఎనిమిది కూలీలూ ఆయన జేబులో మిగులుతాయి. మాకు యజమాని ఎక్కడున్నాడు? ఆయన మా వేళ్ళలోనే కాదు, మేం ఓటేసిన ప్రశ్నలో కూడా కూర్చుని ఉన్నాడు.

పేపరు పక్కన పెట్టేశాను.

"ఈవేళ చదవను," అన్నాను. "ఒకటి అడుగుతాను. మిషను వస్తే ఎనిమిది మంది పోవాలని ఎవరన్నారు?"

"కాయితంలో ఉన్నాది కదత్తా" అంది ఈశ్వరి.

"ఆ కాగితం గిరిబాబులాంటివాళ్ళకి రాసింది. ఎనిమిది మంది రోజుకి ఎనిమిదేసి గంటలు చేసే పని మిషను చేస్తుంది. అరవై నాలుగు గంటలు. మనకి మిగిలేవి గంటలు, మనుషులు కారు. ఆ గంటలు నలభై ఒక్కమందికీ పంచితే?"

ఈశ్వరి చేతిలో పప్పు కింద పెట్టింది. పెదాలు కదిలాయి. "మనిషికి గంటన్నర."

"ఎనిమిదికి బదులు ఆరున్నర గంటలు పని చేద్దాం. పప్పు అంతే తయారవుతుంది. పక్క షెడ్ల రేటుకి అమ్మితే వాటా కాస్త తగ్గినా, గంట లెక్కన వచ్చేది తగ్గదు. కోతవాళ్ళు పొట్టు తియ్యడానికి వచ్చి కూర్చుంటారు. ఎవరూ పోనక్కరలేదు."

మా కట్టుబాటు ప్రకారం ఏడుగురు అడిగితే అధ్యక్షురాలు మళ్ళీ సభ పెట్టాలి. ఆ మధ్యాహ్నమే ఆరుగురు పేర్లిచ్చారు. ఏడో పేరు బుల్లమ్మది. "నాకు నచ్చిందని కాదు," అంది వేలిముద్ర వేస్తూ. "ఒకసారి దెబ్బలాట సాల్లేదు నాకు."

శుక్రవారం సభ. ధనరాజ్ కూడా వచ్చాడు. స్టూలు వేశాం, ఓటు లేదని ముందే చెప్పాం. లెక్క విని ఆ అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. "ఎక్కడా ఇలా చెయ్యరండి."

"ఎక్కడోళ్ళు ఇక్కడ ఓటెయ్యరు నాయినా," అంది బుల్లమ్మ. "నువ్వు మిషను బాగా తిరిగీలాగ సూడు."

ఈశ్వరి లేచింది. "గంటలు తగ్గించే బదులు ఎక్కువ పిక్క కోసి ఎక్కువ పప్పు తీయొచ్చు కదా?" అనడిగింది. ఉడకబెట్టే బాయిలరు ఒక్కటే, ఎండబెట్టే గది ఒక్కటే, అవి ఇంతకంటే పట్టవని ఆ పని చేసేవాళ్ళే చెప్పారు. ఈశ్వరి ఒప్పుకుని కూర్చుంది.

అసలు అడ్డం వేరేచోట నుంచి వచ్చింది. స్వర్ణ పొట్టు తీసేవాళ్ళలో చేతినేర్పు ఎక్కువున్న పిల్ల. ఆమె చేతిలో వంద గుండ్లకి ఒకటి విరిగితే గొప్ప. "నా మాట తప్పుగా అనుకోవద్దు," అంది. "కోతోళ్ళ సేతులకి బలం తెలుసు. పప్పు మీద అలగ బలం ఎడితే బద్దలైపోతాది. బద్దకి గుండు రేటు రాదు. అప్పుడు అందరి వాటా ఇంకా తగ్గిపోతాది. మా సేతులు అయిదేళ్ళు నేర్సినాయి."

పొట్టు తీసేవాళ్ళు తలలూపారు. వాళ్ళే ఎక్కువ మంది. నా లెక్క ఒప్పే గానీ, నేర్చిన చేతి సంగతి లెక్కలో రాదు.

వెనక నుంచి జ్ఞానసుందరి లేచింది. ఆరేళ్ళలో ఆమె సభలో లేచి నిలబడి మాట్లాడటం నేను చూడలేదు.

"స్వర్ణా, నువ్వన్నది నిజమే. విరిగిపోతాయి," అంది. "మొదట్లో నీకూ విరిగినాయి. అప్పుడు నీ పక్కన ఎవులో ఒకలు కూకుని నేర్పినారు. ఆ విరిగినవి అందరం బరించినాం. మాకూ అలగే ఆర్నెల్లు ఇవ్వండి." ఆగి, కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. "ఈ సెడ్డుకి నేను సగం బొటనేలు ఇచ్చీసినాను. మిగతావి తొమ్మిదీ పనిసేస్తాయి."

స్వర్ణ ఆ చెయ్యి వైపు చూసింది. ఆమెకి నేర్పింది నేనే. మొదటి నెల ఆ పిల్ల విరగ్గొట్టిన పప్పుతో ఊరికి పాయసం వండొచ్చు.

"ఆరు నెలలైతే నేను నేర్పుతాను," అంది చివరికి. "కానీ నేర్పీ గంటలు నాకు పని కిందే కట్టాల."

"రాయండి" అంది ఈశ్వరి. రాశాను.

ఆమె నా వైపు తిరిగి, "ఓటుకి ముందు నువ్వేటైనా సెప్తావా అత్తా?" అనడిగింది. నాకు సభలో నిలబడి మాట్లాడే అలవాటు లేదు. కూర్చునే చెప్పాను. "మొన్న ఇరవై రెండు మంది గెలిచారు, పంతొమ్మిది మంది ఓడిపోయారు. మనూరి ఎలక్షన్లో అయితే అంతటితో సరి. ఓడిపోయినవాళ్ళు ఇంటికి పోతారు. ఇక్కడ ఓడిపోయినవాళ్ళకి కూడా ఈ షెడ్డు సొంతమే. గెలిచినంత మాత్రాన వాళ్ళని పొమ్మనే హక్కు మనకి రాదు. ఈశ్వరీ, నీ కూతురు అడిగిన రెండు మాటలకీ కలిపి నాకు తోచిన అర్థం ఇదే."

"నేను సెప్పినదే బాగుంది" అంది బుల్లమ్మ. నవ్వులు పుట్టాయి.

ఈసారి గుండ్లు చీల్చే పని లేకుండా తెర వెనక రెండు కుండలు పెట్టాం. గంటలు పంచుకోవాలంటే గుండు ఎడమ కుండలో, వద్దంటే కుడి కుండలో. ఒక్కొక్కరే వెళ్ళి వచ్చారు. రెండు కుండలూ వేరువేరు చాపల మీద బోర్లించి, ఈశ్వరి ముందు మొత్తం లెక్కపెట్టమంది. నలభై ఒకటి. మళ్ళీ పెట్టాం. నలభై ఒకటే. అప్పుడు విడివిడిగా. ఎడమ కుండలో ముప్పై అయిదు, కుడి కుండలో ఆరు.

ఆ తరవాత వచ్చిన గోలకి రేకుల మీది కాకులు లేచిపోయాయి. పొట్టువాళ్ళు కోతవాళ్ళని పట్టుకున్నారు. నల్లచేతులు ఎవరివో, తెల్లచేతులు ఎవరివో ఆ గుంపులో తెలియలేదు. ఈశ్వరి ఏడుస్తూ నవ్వుతోంది. మొన్న గెలిచినప్పుడు ఆమె మొహం అలా లేదు. ధనరాజ్ స్టూలు మీద కూర్చునే ఫోనులో లెక్క వేసి చూసుకుని, "గంటన్నరే, కరెక్టే" అని తనలో తను అనుకున్నాడు.

కుడి కుండ ఆరూ ఎవరివని ఎవరూ అడగలేదు. బుల్లమ్మే చెప్పుకుంది. "ఒకటి నాది. ముసిల్దాన్ని, ఇప్పుడు నాకు పొట్టు తియ్యడం కావాలా? అయినా మిషను తిరిగిన్నాడు వచ్చి కూకుంటాను. సంఘం మాట కదా."

జ్ఞానసుందరి షెడ్డు బయటికి వెళ్ళి ఫోను చేసింది. స్పీకరు ఎలా ఆపాలో ఆమెకి తెలియదు, అందరికీ వినపడింది.

"అప్పా, రేపు ఏ రైలుకి?" అన్నాడు సుందరరావు.

"రాను రా తమ్ముడా. ఇక్కడ పనున్నాది."

"పని పోనాదన్నావు కదా?"

"పోనాది. మళ్ళా తెచ్చుకున్నాం. నువ్వే సెలవెట్టుకుని రా, పప్పు ఇస్తాను. బద్దలే దొరుకుతాయిలే, నేను విరగ్గొట్టినవి."

మార్చి మొదటి సోమవారం మిషను తిరిగింది. జ్ఞానసుందరి, బుల్లమ్మ స్వర్ణకి చెరో పక్కన పీటలు వేసుకుని కూర్చున్నారు. మొదటి గంటలో జ్ఞానసుందరి పదిహేను విరగ్గొట్టింది, బుల్లమ్మ లెక్క చెప్పనివ్వలేదు. స్వర్ణ ఒక పప్పు అందుకుని, "అత్తా, కత్తి అలగ కాదు, ఇలగ. గుంట సెవి మెలేసినట్టు కాదు, ముద్దెట్టినట్టు" అంటోంది. నేను పేపరు చదివాను. నా చదువూ గంటన్నర తగ్గింది, ఎవరూ బాధపడలేదు.

మూడున్నరకి ఈశ్వరి గంట కొట్టింది. అందరం చేతులు కడుక్కుని రోడ్డు మీదికి వచ్చాం. ఎండ ఇంకా ఫెళ్ళున ఉంది. ఇన్నేళ్ళూ చీకటి పడబోతుండగా ఇల్లు చేరినవాళ్ళం, ఆ వెలుతురులో ఏం చెయ్యాలో తోచక కాసేపు గుంపుగా అక్కడే నిలబడిపోయాం. రోడ్డవతల టీ కొట్టులోంచి ఒక పెద్దాయన తల బయటపెట్టి కేకేశాడు.

"ఏటర్రా, సెడ్డు మూసీసినారా?"

"మూసీనేదు మావా," అంది జ్ఞానసుందరి. "పనైపోనాది."